దింపుడుకళ్లం దగ్గర పూలమడి

ఆఖరి సంవత్సరంలో మా ముగ్గురికీ శ్మశానం వచ్చింది.

ఉద్యాన డిగ్రీ చదివేవాళ్ళకి ఆఖరి ఏడాది తరగతులు తక్కువ, చేతిపని ఎక్కువ. ఒక్కో జట్టూ ఒక్కో చోటు తీసుకుని, నేల కొలిచి, ప్లాను గీసి, మొక్కలు నాటి, వాటిని కొన్ని నెలలు సాకి చూపించాలి. ఏ జట్టుకి ఏ చోటో చీటీలు తీసి తేలుస్తారు. ఒక జట్టుకి విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న రిసార్టు వచ్చింది. ఇంకో జట్టుకి ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణ. మా చీటీ నేనే తీశాను. "నర్సీపట్నం, శ్మశానవాటిక" అని ఉంది. ఊరి పెద్దలు కొందరు కమిటీగా చేరి దాన్ని బాగు చేయిద్దామనుకుని, మొక్కల పని మా కాలేజీకి అప్పజెప్పారట. క్లాసంతా నవ్వింది. "మీ ఊరే కదే, ఇంటి భోజనం" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

నేను నవ్వలేకపోయాను. ఆ రిసార్టు మీద నెలరోజులుగా ఆశ పెట్టుకున్నాను. అసలు నర్సీపట్నం నుంచి బయటపడడానికే ఆ చదువులో చేరాను. చిన్నప్పటి నుంచీ నాది ఒకచోట కుదురుగా ఉండలేని గుణం. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. అన్నం తింటూ మధ్యలో లేచి తిరుగుతాను. బస్సు రావడం ఆలస్యమైతే పక్క స్టాపుదాకా నడిచిపోతాను. అలాంటిదాన్ని తిరిగి తిరిగి మా ఊరికే, అందులోనూ ఊరివాళ్ళంతా చివరికి చేరే చోటికే వచ్చి పడ్డాను.

జట్టులో మిగతా ఇద్దరూ అమ్మాయిలే. ఒకమ్మాయిది నాతవరం దగ్గర పల్లె, వరి పండించే కుటుంబం. పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చేది. రెండో అమ్మాయిది కర్నూలు. ఆ నెలలన్నీ మా ఇంట్లో, నా గదిలోనే ఉంది. మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. ఎవరు పోయినా వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తారు. అందుకని ఇంట్లో నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఊరి చివర కొత్త పార్కు వేస్తున్నారని చెప్పాను. కర్నూలు అమ్మాయి చేత కూడా అదే చెప్పించాను.

ఆ అబద్ధం ఇంటితో ఆగలేదు. మా వీధి చివర ఒక రిటైర్డు హెడ్మాస్టారు ఉండేవారు. మా నాన్న లెక్కల మాస్టారుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనే పెద్ద మాస్టారు. సాయంత్రం నడకకి బయల్దేరుతూ నన్ను ఆపి, "ఏటి తల్లీ, చేతులకా మట్టి?" అని అడిగారు. పార్కు పని అన్నాను. "పూర్తయితే చెప్పు. ఈ రోడ్డు మీద లారీల మధ్య నడవలేకపోతన్నాను. రోజూ అక్కడికే వస్తాను" అన్నారు. సరేనండీ అని తలూపి, తొందరగా వచ్చేశాను.

శ్మశానం రెండెకరాల చదును నేల. ఒక వైపు ఇనుప రేకుల కింద దహనం చేసే దిమ్మె. దానికి కాస్త దూరంలో నీళ్ళ కుళాయిలు, మోటారు గది, రెండు వేపచెట్లు. మిగతాదంతా ఎర్రమట్టి, సర్కారు తుమ్మ. అక్కడ కాపలా ఉండే ముసలాయన మొదటిరోజు మమ్మల్ని చూసి బీడీ పారేసి లేచాడు.

"ముగ్గురూ ఆడపిల్లలేనేటి? సరే, రండి. బయపడకండి. సచ్చినోలు ఏటీ సెయ్యరు. బతికున్నోలే మీ మొక్కల్ని తొక్కీస్తారు."

ఆయన్ని తాతా అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టాం. టేపు పట్టుకుని నేల కొలుస్తుంటే మా వెనకే నడిచి, ఒక మాట చెప్పాడు. "ఇదిగోనమ్మా, కాయితం మీద గీసీముందు ఒక్క పాలి శవం వొచ్చినప్పుడు నిలబడి సూడండి. జనం ఎటొస్తారో, ఎటెల్తారో మీకే తెలుస్తాది."

అలాగే తాతా అన్నాం. కానీ చూడలేదు. గేటు బయట డప్పులు వినిపించగానే ముగ్గురం మోటారు గదిలోకి పరుగెత్తి తలుపేసుకునేవాళ్ళం. సగం భయం. మిగతా సగం, వచ్చినవాళ్ళలో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఇంటికి కబురు వెళ్ళిపోతుందని. లోపల చీకట్లో ఇనుప మోటారు పక్కన నిలబడి, మంత్రాలు ఆగేదాకా వినేవాళ్ళం. నాకు అక్కడ నిలబడడమే నరకం. తలుపు సందులోంచి చూడాలనిపించేది. తలుపు తియ్యడానికి మళ్ళీ చేతులు వచ్చేవి కావు.

అలా చూడకుండానే ప్లాను గీశాం. పాఠంలో చెప్పిన కొలతలే వేశాం. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవడానికి నాలుగడుగుల దారి. తిన్నగా ఉంటే బాగుండదని దారి మధ్యలో ఒక వంపు. దారి మీద ఎర్ర కంకర. రెండు పక్కలా పసుపచ్చ ఆకుల దురంత కంచె, వెనక కాగితంపూల మొక్కలు. నడిమధ్య ఖాళీలో గుండ్రటి పూలమడి, దాని చుట్టూ ఏటవాలుగా పాతిన ఇటుకలు, లోపల మెట్టతామర, బంతి. ఫోటో తీసి మా మేడంకి పంపితే, "నీట్‌గా ఉంది, కానివ్వండి" అన్నారు. ఆవిడ చూడడానికి వచ్చేలోగా నడిమధ్య మడి పూసి ఉండాలని నాకు ఒకటే ఆత్రం.

ఆ ఆత్రం మొక్కల మీద కూడా చూపించాను. మోటారు గది నీడన నందివర్ధనం, గన్నేరు కొమ్మలు కవర్లలో గుచ్చి పెట్టాం. వేళ్ళు వచ్చాయో లేదోనని రెండు రోజులకోసారి పీకి చూసేదాన్ని. కర్నూలు అమ్మాయి ఒకరోజు నా చేతిలోంచి కవరు లాక్కుంది. "నువ్విట్ల దినామూ పెరికి చూస్తాంటే యాడ బతుకుతాయి? కొంచెం గమ్మునుండు" అని కసిరింది. గమ్మునుండడం నావల్ల కాలేదు. ఆ అమ్మాయి చూడనప్పుడు పీకి చూశాను. వాటిలో చాలా పోయాయి.

పూలమడి తవ్వే వారం తాత ఊళ్ళో లేడు. గొలుగొండలో కూతురింటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇటుకలు కూడా పాతేశాం. వచ్చి, మడి చుట్టూ ఒకసారి తిరిగి, తల గోక్కున్నాడు.

"ఇక్కడెట్టీసినారేటి? ఇది దింపుడుకళ్లం కదమ్మా."

ఆ మాట నాకు తెలియనిది కాదు. పాడెని దిమ్మె దాకా ఒక్క ఊపున తీసుకుపోరు. దారిలో ఒకచోట దింపుతారు. అయినవాళ్ళు వంగి పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా మిగిలుంటే లేస్తారేమోనని చివరి ఆశ. ఆ దింపే చోటే దింపుడుకళ్లం. తెలిసి కూడా నేను, "పక్కన దింపుకుంటారులే తాతా. మధ్యలో ఉంటేనే అందం" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. తాత నన్ను మందలించలేదు. "సరే, మీరు సదువుకున్నోలు" అని బీడీ వెలిగించుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో అమ్మకి అనుమానం మొదలైంది. రోజూ సాయంత్రం శ్మశానం కుళాయి దగ్గర తలకి పోసుకుని తడిజుట్టుతో ఇల్లు చేరేవాళ్ళం. "పార్కు పనైతే రోజూ తలకి పోసుకోడం ఏటే? జలుబు చెయ్యదా?" అని అడిగేది. దుమ్ము అమ్మా అనేదాన్ని. అమ్మ కర్నూలు అమ్మాయి వైపు చూసేది. ఆ అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగేది.

ఒక పొద్దున పదిగంటలప్పుడు నేను పూలమడిలో కూర్చుని బంతినారు నాటుతున్నాను. మిగతా ఇద్దరూ కంకర సర్దుతున్నారు. డప్పుల చప్పుడు లేదు. గేటు తెరిచిన చప్పుడుకి తలెత్తి చూసేసరికి జనం లోపలికి వచ్చేశారు. పరుగెత్తడానికి దారి లేదు. ఉన్న ఒక్క దారిలో వాళ్ళే వస్తున్నారు. నేను మట్టి తవ్వే బొరిగె పట్టుకుని లేచి నిలబడ్డాను.

ముందు నిప్పుకుండ పట్టుకుని ఒకాయన నడుస్తున్నాడు. తడిపంచె, కాళ్ళకి చెప్పుల్లేవు. మా కంకర మీద అడుగు వేసిన ప్రతిసారీ ఆయన మొహం ముడుచుకుంటోంది. ఒక పాదం పక్కకి వాల్చి కుంటుతున్నాడు. అయినా కుండ కుదపకూడదని రెండు చేతులూ బిగపట్టుకున్నాడు. ఆయన వెనక పాడె. మోసేవాళ్ళు నలుగురు. ఎడమవైపు ముందున్నది మా నాన్న.

పాడె మీద ఎవరో అప్పుడు చూశాను. మా వీధి హెడ్మాస్టారు. ముందురోజు ఆయాసం వచ్చి విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళారని తెలుసు. రాత్రే పోయారట, నేను ఇంటినుంచి బయల్దేరాక శవాన్ని తీసుకొచ్చారట.

నాలుగడుగుల దారిలో పాడె పట్టలేదు. మోసేవాళ్ళ బయటి కాళ్ళు దురంత కంచెలో పడుతున్నాయి. వంపు దగ్గరికి వచ్చేసరికి వెనకున్న ఇద్దరూ తిరగలేక కంచె తొక్కుకుంటూ పక్కకి జరిగారు. పాడె ఒక వైపు వాలింది. నాన్న మోకాలు వంగింది. జనం "అయ్యో, అయ్యో" అని చేతులు చాచారు. ఎలాగో నిలదొక్కుకున్నారు.

తిన్నగా నా ముందుకి వచ్చి ఆగారు. పురోహితుడు గారు మడి వైపు చూసి, "దింపాలి కదండీ, ఇక్కడేగా" అన్నారు. మడి చుట్టూ పళ్ళలా నిలబడ్డ ఇటుకలు. పక్కన దింపుదామంటే రెండువైపులా మేము పాతిన కాగితంపూల ముళ్ళు. గుంపులోంచి ఎవరో గట్టిగా, "ఎవడండీ ఇక్కడ మొక్కలేసినోడు? బుద్దుండక్కర్లేదా?" అన్నారు. మా నాన్న తలెత్తాడు. నన్ను చూశాడు. నా చేతిలో బొరిగెని, మట్టి అంటిన మోకాళ్ళని చూశాడు.

తాత వెనకనుంచి వచ్చి, "మొక్కలే కదా బాబూ, మళ్ళీ ఏసుకుంటారు. దింపండి" అన్నాడు.

మెట్టతామరల మీదే దింపారు. ఆ కాడలు చిట్లిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. కొడుకు కుండ పక్కన పెట్టి, ఇటుక మీద మోకాలు ఆనించి, తండ్రి చెవి దగ్గర వంగి "నాన్నా" అని పిలిచాడు. ఆగి మళ్ళీ పిలిచాడు. మూడోసారి గొంతు రాలేదు, పెదవులే కదిలాయి. నేను అంత దగ్గరగా నిలబడి ఉన్నాను. కదలకుండా నిలబడ్డాను. మోటారు గదిలో దాక్కుని ఇన్నాళ్ళూ నేను చూడనిది అదన్నమాట.

దహనం మొదలయ్యాక జనం ఎండలో నిలబడిపోయారు. హెడ్మాస్టారితో కలిసి పనిచేసిన ముసలి మాస్టార్లు కూర్చోడానికి చోటు లేక మా ఇటుకల మీదే చతికిలబడ్డారు. రెండు వేపచెట్ల నీడ పదిమందికి కూడా చాలలేదు. ఈ ఇబ్బందులన్నీ అక్కడ ఎప్పుడూ ఉన్నవే, మేమే చూడలేదు.

స్నానం చేసి, అందరూ వెళ్ళాక, నాన్న తడిబట్టలతో నా దగ్గరికి వచ్చాడు.

"ఇదేనా పార్కు?"

చేతుల మట్టి తుడుచుకుంటూ తలూపాను.

"ఎన్నాళ్ళైంది?"

"రెండు నెలలు నాన్నా."

నాన్న వంపు వైపు తిరిగి కాసేపు చూశాడు. "దారి ఎన్నడుగులు పెట్టావు?"

"నాలుగు."

"పాడె వెడల్పెంత? మోసేవాళ్ళు బయటికి ఎంత వస్తారు?"

"తెలీదు."

"కొలవకుండా లెక్కెలా చేసీసావమ్మా?"

తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. క్లాసులో పిల్లల్ని అడిగినట్టు అడిగాడు. "హెడ్మాస్టారు నా కుడిచేతి మీదికి వచ్చీసారు ఆ మలుపులో" అన్నాడు, తన భుజం తడుముకుంటూ. నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మకి తెలిసిపోయింది. పెరట్లో రెండు బకెట్లు, రెండు జతల ఉతికిన బట్టలు పెట్టి ఉన్నాయి. "అక్కడే పోసుకుని రండి" అంది. మూడురోజులు నాతో ఇంకో మాట లేదు. కర్నూలు అమ్మాయితో మాత్రం మాట్లాడింది. "నువ్వైనా చెప్పొచ్చు కదమ్మా" అంటే ఆ అమ్మాయి ఏడ్చింది. నాలుగోరోజు పొద్దున మా ఇద్దరికీ క్యారేజీలు కడుతూ, "అక్కడి కుళాయి నీళ్ళు తాగకండి. సీసాలు నింపుకుని వెళ్ళండి" అంది. వెళ్ళొద్దని అనలేదు.

ఆ ఆదివారం నాన్న టేపు పట్టుకుని తనంతట తనే వచ్చాడు. తాత ఎక్కడినుంచో వెదురు నిచ్చెన తెచ్చాడు. దాని మీద రెండు ఎరువు బస్తాలు కట్టాం. నాన్న, నేను ముందు, అమ్మాయిలిద్దరూ వెనక. భుజాల ఎత్తులు కలవక నిచ్చెన ఊగిసలాడింది. గేటు దగ్గర ఎత్తుకుని దిమ్మె దాకా నడిచాం. తాత సున్నం డబ్బా పట్టుకుని మా కాళ్ళు పడ్డచోటల్లా తెల్లగా చల్లుకుంటూ వచ్చాడు. "బేగి నడవకండమ్మా. శవాన్ని మోసీవోలు బేగి నడవరు" అని నన్నే మందలించాడు. నా అడుగులు ముందుకి లాగుతున్నాయి, వెనకవాళ్ళు తూలుతున్నారు. మళ్ళీ మొదటినుంచి నడిచాం. చెప్పులిప్పి ఒకసారి, నీళ్ళు కొట్టి తడిపిన నేల మీద ఒకసారి. రోడ్డు మీద చెరకు లారీ ఆపి డ్రైవరు మమ్మల్ని చూస్తూ ఉండిపోయాడు. ముగ్గురమ్మాయిలు పట్టపగలు శ్మశానంలో ఎరువు బస్తాలని ఊరేగిస్తుంటే ఎవరైనా ఆగుతారు.

సున్నం గీతల మధ్య కొలిస్తే దారికి పదడుగులు కావాలని తేలింది. వంపు తీసేశాం. కంకర ఎత్తి గంపలతో బయట పోశాం. దానికే మూడురోజులు పట్టింది, చేతులు పొక్కాయి. మెత్తటి రాతిపొడి పరిచి, నీళ్ళు కొట్టి, రోలరు లాగాం. కాగితంపూలు పీకేసి, ముళ్ళు లేని నందివర్ధనం పెట్టాం. ఈసారి కొమ్మల్ని పీకి చూడలేదు. వేళ్ళు ఎలా ఉన్నాయోనని చేతులు లాగేవి. వెళ్ళి కలుపు తీసేదాన్ని. జనం నిలబడే పడమటి వైపు కానుగ మొక్కలు వరసగా నాటాం. కమిటీవాళ్ళని అడిగితే వేపచెట్ల కింద అరుగు కట్టించారు. పూలమడి ఇటుకలు తీసి, నేల గట్టిగా దిమ్మిస కొట్టి, దింపుడుకళ్లాన్ని ఖాళీగా వదిలేశాం.

శవం వచ్చినప్పుడు ఇక దాక్కోలేదు. పని ఆపి, పక్కకి జరిగి నిలబడేవాళ్ళం. కొందరు మొహం చిట్లించారు. కొందరు పట్టించుకోలేదు.

మేడం చూడడానికి వచ్చినప్పుడు పని ఇంకా మిగిలే ఉంది. ఆవిడ దారి పొడవునా నడిచి, "శుభ్రంగా ఉంది. కానీ రంగేది? కంటికి ఆనేదేదీ లేదే?" అన్నారు. నిచ్చెన సంగతి చెప్పాను. విని, కాస్త నవ్వి, కాస్త ఆలోచించి, "మొదటి ప్లాను వదిలేసినందుకు మార్కులు తగ్గుతాయమ్మా, నేనేం చెయ్యలేను" అన్నారు. తగ్గాయి. రిసార్టు జట్టు ఫస్టు వచ్చింది. ఫోటోల్లో వాళ్ళ లాను నిజంగానే చాలా బాగుంది. నాకు అసూయ కలిగింది. లేదంటే అబద్ధం.

ఆ ఫలితాలకి ముందే, ఇంకో వారంలో కమిటీకి అప్పగించేస్తామనగా, ఒక మధ్యాహ్నం ఒకావిడ గేటు బయట నిలబడి మమ్మల్ని చూస్తూ కనిపించింది. నలభై దాటిన మనిషి. ఎంతసేపు నిలబడిందో తెలీదు. నేను వెళ్ళాను.

"ఏం కావాలండీ?"

"మా పాపని ఇక్కడే... పది రోజులైంది. నన్ను రానివ్వలేదు" అంది. చేతిసంచీ పిడి మెలిపెడుతోంది. "మీరూ ఆడపిల్లలే కదా, లోపలే ఉంటున్నారు. నేనూ రావొచ్చా అమ్మా?"

తాత వైపు చూశాను. తాత లేచి వచ్చి గొళ్ళెం తీశాడు. "రా తల్లీ. ఈ గేటు ఆవులు రాకుండా ఏసినాం, అంతే."

ఆవిడ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. తాత దిమ్మె చూపించాడు. దూరంనుంచే చూసి, వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు. నాకు ఆ మౌనం దగ్గర నిలబడడం చేతకాలేదు. క్యాను తీసుకుని పొద్దున నీళ్ళు పోసిన కానుగలకే మళ్ళీ పోశాను. వరస అయిపోయింది. ఇంకో పని దొరకలేదు. క్యాను పెట్టేసి వెళ్ళి అరుగు ఇవతలి కొసన కూర్చున్నాను.

చాలాసేపటికి ఆవిడ, "పిల్లకి కనకాంబరాలంటే ప్రాణం. ఈ నీడలో బతుకుతాయేటి?" అని అడిగింది.

"బతుకుతాయండీ. కనకాంబరానికి కొంచెం నీడుంటేనే మంచిది."

ఆవిడ వచ్చి కూర్చున్నంతసేపు నేనూ కూర్చున్నాను. లేచి వెళ్ళేటప్పుడు ఒకసారి నా తల మీద చెయ్యి పెట్టి తీసేసింది. మర్నాడు నాతవరం అమ్మాయి తమ ఊరినుంచి కనకాంబరం నారు తడిగుడ్డలో చుట్టుకుని షేర్ ఆటోలో తెచ్చింది. వేప కింద, అరుగుకి ఆనుకుని నాటాం.

తరవాత నేను విశాఖ వెళ్ళిపోయాను. అపార్టుమెంట్ల తోటలు చూసే పనిలో చేరి, మానేసి, ఇంకోచోట చేరి, అదీ మానేసి, ఇప్పుడు మూడోచోట ఉన్నాను. ఇక్కడా ఎన్నాళ్ళుంటానో తెలీదు. ఎండాకాలం మధ్యలో ఒకసారి తాతకి ఫోన్ చేశాను. నీళ్ళు చాలక కానుగలు నాలుగు పోయాయని చెప్పాడు. కనకాంబరాలు సగం ఎండిపోయాయి, మిగతావి పూస్తున్నాయన్నాడు.

"ఆవిడ వస్తోందా తాతా?"

"వొస్తాది. ఒక్కతీ కాదు, ఇంకిద్దరు ఆడోల్లు కూడా వొస్తన్నారు ఈ మజ్జిన. పువ్వులు కొయ్యరు. కూకుని ఎల్లిపోతారు." లైన్లో మోటారు చప్పుడు వినిపించింది. "ఉండు, నీల్లొదిలీసి వొచ్చినాను, బురదైపోతాది" అని ఫోన్ పెట్టేశాడు.